అంచు కట్టని ఉయ్యాల

నిన్న సాయంత్రం తానే విప్పిన వెదురు బద్దలను నీళ్ళలోంచి తీసి, బుట్టలమ్మ మళ్ళీ అడుగు అల్లడం మొదలుపెట్టింది. కుడిపక్కన సారె ముందు కుమ్మరి, ఎడమపక్కన మగ్గం ముందు నేతగాడు. ఇద్దరూ ప్లాస్టర్ బొమ్మలే, పలకరించినా పలకరు. ఆ జానపద కళల మ్యూజియంలో, "జీవం ఉట్టిపడే పల్లె" అని బోర్డు పెట్టిన గదిలో, ఊపిరి ఉన్నది ఆమె ఒక్కదానికే.

ఆమె ఒక బుట్ట పూర్తిచేసి చాలా ఏళ్ళయింది. చూడవచ్చినవాళ్ళకు అల్లిక ఎప్పుడూ సగంలోనే కనబడాలట. పూర్తయినవి అద్దాల బీరువాలో బోలెడున్నాయి, ఇంకొకటి ఎవరిక్కావాలి? అందుకని పొద్దస్తమానం అల్లిందంతా సాయంత్రం విప్పేసి, ఇంటికెళ్ళి అవే చేతులతో నాలుగు మెతుకులు తినేది. పాపం, దానికీ అలవాటు పడిపోయింది.

ఇవాళ మాత్రం మనసు మొండికేసింది. తల్లిలేని మనవరాలిని తెల్లారుతూనే కాన్పుకు ఆసుపత్రిలో చేర్చి వచ్చింది. "అమ్మమ్మా, కొన్నది వద్దు. నీ చేత్తో అల్లిన ఉయ్యాల కావాలి" అంది పిల్ల. పెంచిన ఇన్నేళ్ళలో అది నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే.

సూపర్‌వైజరు అటుగా వచ్చినప్పుడు బుట్టలమ్మ అల్లిక ఆపి అడిగింది.

"బాబూ, ఇవాళొక్కరోజు విప్పను. ఈ ఉయ్యాల మనవరాలికని ఇంటికి పట్టుకెళ్తాను. వేరే బద్దలు రేపు నేనే తెచ్చిస్తా."

"నువ్వు ఉయ్యాల పట్టుకెళ్తే, రేపు వీడు కుండ పట్టుకెళ్తానంటాడు." ప్లాస్టర్ కుమ్మరి బుర్ర మీద తట్టి, తన జోకుకు తానే నవ్వుకున్నాడు. "సాయంత్రానికి విప్పెయ్. చూసేవాళ్ళతో కబుర్లు పెట్టుకోకు."

తలుపులు వేసేలోపు అంచు కట్టేస్తే, ఆ తర్వాత ఎవరు చెప్పినా విప్పేది లేదనుకుంది. తిండికి కూడా లేవలేదు. మధ్యాహ్నం నుంచి ఎడమ భుజం గుంజుతున్నా చేతులు ఆపలేదు. ఉయ్యాల గోడలు లేచాయి. ఇక అంచు బద్ద దూర్చి బిగించడమే మిగిలింది. బద్ద కొస ఒకటి దూర్చింది. ఊపిరి అందక, ఒక్క నిమిషమని కుమ్మరి భుజానికి తల ఆనించింది. తల మళ్ళీ ఎత్తలేదు.

కాసేపటికి ఒక కుటుంబం వచ్చింది.

"నాన్నా, ఈ బామ్మ నిజం మనిషా?" అని అడిగింది చిన్నపిల్ల.

"బొమ్మేనమ్మా. చూడు, రెప్ప వెయ్యట్లేదు."

"చేతుల మీద నరాలు కూడా పెట్టారండీ, ఎంత బాగా చేశారో" అంది తల్లి. పిల్లను బుట్టలమ్మ పక్కన కూర్చోబెట్టి ఫొటో తీసుకుని వెళ్ళిపోయారు.

సాయంత్రం సూపర్‌వైజరు లోపలికి తొంగైనా చూడకుండా గుమ్మం దగ్గర్నుంచే "విప్పేశావా?" అని అరిచి, జవాబు లేకపోతే వెళ్ళిపోయిందనుకుని లైట్లార్పి తాళం వేశాడు. అక్కడ ఆసుపత్రిలో, పక్కలో అప్పుడే పుట్టిన ఆడపిల్లతో, అమ్మమ్మకు కబురు చెప్పమని మనవరాలు కనబడిన ప్రతి నర్సునూ అడుగుతూనే ఉంది. శవం బయటపడింది మర్నాడు పొద్దున్న.

వారం రోజులకు, పచ్చిబాలింత మనవరాలు చంటిపిల్లనెత్తుకుని ఉయ్యాల కోసం వచ్చేసరికి బుట్టలమ్మ చోట కొత్త బొమ్మ కూర్చుని ఉంది. జీతమడగని బొమ్మ.

"ఎలా ఇస్తానమ్మా? సరిగ్గా సగంలో ఆగింది. మాకు కావలసింది అదేగా" అన్నాడు సూపర్‌వైజరు.

ఆ ప్లాస్టర్ ఒడిలో ఉయ్యాల కదలకుండా ఉంది. కట్టకుండా మిగిలిన అంచు బద్ద మాత్రం ఒక కొస వేలాడుతూ ఫ్యాను గాలికి ఊగుతోంది.