పళ్ల డాక్టర్ గారు పంపించారు

ఆఫీసులో అతన్ని రీచ్ సారు అంటారు. ఎదురుగా కాదు, వెనకాల. సబ్బులైనా సరే, చెప్పులైనా సరే, ఫోన్లో పెట్టిన ప్రకటన ఎంతమంది కంటపడిందన్నదే అతనికి లెక్క. దాన్నే రీచ్ అంటాడు, నిద్రలేపి అడిగినా అంటాడు. కొత్తగా చేరినవాళ్లని అద్దాల గదిలో కూర్చోబెట్టి, "జనం ఇప్పుడు వీధుల్లో లేరు, ఫోన్లలో ఉన్నారు. మనమూ ఫోన్లోంచే వెళ్లి పలకరించాలి" అని పాఠం చెబుతుంటే, వాళ్లు తలలు వంచుకుని శ్రద్ధగా ఎవరి ఫోన్లు వాళ్లు చూసుకుంటూ ఉంటారు. అదీ తన సిద్ధాంతానికి రుజువేనని మురిసిపోతాడు.

అలాంటి మహానుభావుడికి ఒక అక్క ఉంది. కళ్లజోళ్లు చేస్తుంది, విరిగినవి బాగుచేస్తుంది. పెద్ద వీధిలో ఏళ్ల తరబడి ఉన్న షాపు, బిల్డింగు కూల్చేస్తున్నారని ఖాళీ చేయాల్సొచ్చి, వెనకాల సందులోకి మారింది. సందులోకి మారిన వారానికే తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరేయ్, నేనిక్కడున్నానని ఎవరికీ తెలీదు. పాత షాపు దాకా వచ్చి, తాళం చూసి, మూసేసిందనుకుని పోతున్నారట. ఈ సందులోకి దారినపోయేవాళ్లు కూడా రారు. పాతవాళ్లు రాకపోతే నిజంగానే మూసేయాలి. మాల్‌లో పెద్ద షాపువాళ్లు పనికి రమ్మంటున్నారు. నెలాఖరు సోమవారం లోపల ఏదో ఒకటి చెప్పమన్నారు."

"మంచిదేగా అక్కా?"

"ఏం మంచి? పొద్దస్తమానం నిలబడి నవ్వాలట. నాకు కూర్చుని పనిచేయడం తప్ప ఏం రాదు రా. నువ్వొకసారి వచ్చి చూసి, ఏం చేయాలో చెప్పు."

"నేను రావడమెందుకక్కా? వచ్చి చేసే పనా ఇది? ఇక్కణ్ణించే అంతా చేసేస్తాను. నీ దగ్గరున్న ఫోన్ నంబర్లన్నీ పంపించు చాలు."

ఆ మాట అంటున్నప్పుడు అతని కళ్లజోడు ముక్కు మీంచి జారింది. ఎడమవైపు కాడ వదులై చాలాకాలమైంది. అక్క దగ్గరికి వెళ్తే క్షణంలో బిగించి ఇస్తుంది. అయినా మనవాడికి తీరికేది? వేలితో పైకి తోసుకుని పనిలో పడ్డాడు.

పని మాత్రం బాగానే చేశాడు, కాదనకూడదు. ఆ నంబర్లున్నవాళ్లు ఫోన్లో ఏం తెరిచినా అక్క ప్రకటనే ఎదురయ్యేలా పెట్టాడు. అక్కడితో ఆగలేదు. అక్కతో పనిబడేది కళ్లజోడు విరిగినప్పుడు. విరిగినవాడు ప్రకటన చదవగలడా? చదవలేడు. కాబట్టి అక్షరాలొద్దు, గొంతు ఉండాలి. అక్క గొంతే ఉండాలి. బొమ్మ మీద ఎక్కడ నొక్కినా ఫోనే దారి చెబుతూ షాపు దాకా నడిపించాలి. ఈ ఆలోచన తట్టిన రోజు అతను ఆఫీసులో మామూలుగా నడవలేదు. తన వీపు తనకి అందదు గానీ, అందితే తట్టుకునేవాడే.

అక్క ఫోన్లో మాట్లాడి రికార్డు చేసి పంపింది. "నేను, కళ్లజోళ్ల అక్కని. షాపు వెనక సందులోకి మారింది. బొమ్మ మీద నొక్కండి, ఫోనే తీసుకొస్తుంది." తర్వాత కాస్త ఆగి, "బాగానే వచ్చిందంటావా? సరేగానీ, నువ్వెప్పుడొస్తావు రా?" అని ఉంది. ఆ చివరి ముక్క వినేవాళ్లకి అక్కర్లేదు. రీచ్ సారు కత్తిరించి పారేశాడు.

ఇక మిగిలింది మ్యాపులో షాపు ఎక్కడుందో గుర్తు పెట్టడం. మీటింగ్ మధ్యలో బల్ల కింద నుంచి అక్కకి ఫోన్ చేశాడు. "పెద్ద వీధి దాటాక సందు రా, నీలం తలుపు, పక్కనే..." అని ఆవిడ చెబుతోంది. అవతల పెద్దసారు అతని పేరే పిలుస్తున్నాడు. మ్యాపులోని వీధి బొమ్మల్లో నీలం తలుపు కనిపించింది. ప్రపంచంలో నీలం తలుపు ఒక్కటే ఉన్నట్టు దాని మీద గుర్తు పెట్టేసి, "దొరికిందక్కా" అని ఫోన్ పెట్టేశాడు.

చివరగా అక్కకి ఒక వృత్తి రహస్యం కూడా ఉపదేశించాడు. "షాపుకొచ్చిన ప్రతివాళ్లనీ, మీకెలా తెలిసిందండీ అని అడుగు. ప్రకటన ఎంత పనిచేసిందో అప్పుడే తెలుస్తుంది." అక్క బుద్ధిగా సరేనంది.

ప్రకటన దుమ్ము రేపింది. విన్నవాళ్లందరూ చివరిదాకా విన్నారు, విన్నవాళ్లలో సగానికి పైగా నొక్కారు. ఇన్నేళ్లలో అలాంటి అంకెలు అతను చూడలేదు. పెద్దసారు భుజం మీద చెయ్యేసి, "వచ్చేవారం క్లయింట్ల ముందు దీని గురించే మాట్లాడు" అన్నాడు. అదే ఊపులో అక్కకి ఫోన్ చేశాడు.

"ఎలా ఉందక్కా, తొక్కిసలాటేనా?"

"ఏం తొక్కిసలాట రా, ఒకళ్లూ ఇద్దరూ వస్తున్నారు. కానీ నీ ప్రకటన గురించి ఒక్కళ్లూ చెప్పట్లేదు. నువ్వన్నట్టే అడుగుతున్నాను. అందరూ ఒకటే మాట, పళ్ల డాక్టర్ గారు పంపించారని."

"పళ్ల డాక్టరా? ఎవడు వాడు?"

"నాకేం తెలుసు? ఎవరో పుణ్యాత్ముడు. సోమవారానికి మాల్‌వాళ్లకి ఏం చెప్పాలో తెలీట్లేదు. నువ్వు బాధపడకు, నీ చేతనైంది నువ్వు చేశావు."

ఆ ఓదార్పుతో అతనికి ఒళ్లు మండిపోయింది. తను వేలమంది చెవుల్లో అక్క గొంతు మోగిస్తుంటే, ఎవడో పళ్లు పీక్కునేవాడు నోటిమాటతో మనుషుల్ని పంపించి పేరు కొట్టేస్తాడా? ఆ రాత్రి అన్నం సహించలేదు. అక్క షాపు ఉంటుందా పోతుందా అన్నది ఒక దిగులు. సిగ్గు లేకుండా చెప్పుకోవాలంటే, దానికంటే పళ్ల డాక్టరే ఎక్కువ నమిలాడు అతన్ని. మర్నాడు ఆఫీసుకి డుమ్మా కొట్టి, సంగతేంటో తేల్చుకుందామని అక్క షాపుకి బయల్దేరాడు.

బస్సు దిగుతుంటే కళ్లజోడు జారింది. పట్టుకోబోతే కాడ చేతిలోకొచ్చింది, అద్దాలు కింద పడ్డాయి. పగల్లేదు గానీ ఇక ముఖం మీద నిలబడవు. కళ్లజోడు లేకపోతే అతనికి బస్సుకీ బిల్డింగుకీ తేడా కదిలినప్పుడే తెలుస్తుంది. దిగులేముంది, తన ప్రకటన ఉందిగా? బొమ్మ మీద నొక్కాడు. ఫోను కుడికి తిప్పింది, ఎడమకి తిప్పింది, "మీరు చేరవలసిన చోటు వచ్చేసింది" అంది. ఎదురుగా నీలం తలుపు మసకమసకగా కనిపించింది. పైన బోర్డు మీద ఏదో రాసి ఉంది. ఏం రాసుంటే ఏం, తలుపు తోసుకుని లోపలికెళ్లాడు.

లోపల తెల్లటి గోడలు, వరసగా కుర్చీలు, ఏదో మందువాసన. అక్క షాపు బాగా పెంచిందే అనుకున్నాడు. పక్క కుర్చీలో ఒక పెద్దావిడ విరిగిన కళ్లజోడు రుమాల్లో చుట్టుకుని కూర్చుంది. తనలాగే ప్రకటన విని వచ్చిన మనిషి. అతని ఛాతీ ఇంత వెడల్పైంది.

బల్ల వెనకున్న అమ్మాయి అడిగింది, "నొప్పి ఎటువైపు సార్? పైనా, కిందా?"

"నొప్పేంటి? కాడ ఊడింది" అన్నాడు.

ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టింది. "మీరూ కళ్లజోడేనా? డాక్టర్ గారూ, ఇంకొకరు."

లోపల్నించి తెల్లకోటు ఒకటి వచ్చి ఎదురుగా నిలబడింది. ముఖం తెలియలేదు గానీ గొంతులో విసుగు బాగా తెలిసింది. "మీ తప్పేం లేదండీ. ఆ ప్రకటన చేసినవాడెవడో గుర్తు మా గుమ్మానికి పెట్టాడు. ఇది పళ్లాసుపత్రి. వచ్చేవాళ్లకేమో బోర్డు కనపడదు. మొన్న ఒకాయన నేరుగా వెళ్లి లోపల కుర్చీలో పడుకున్నాడు. నేను నోరు తెరవమంటాను, ఆయన కళ్లు తెరుస్తాడు. ఇద్దరం కాసేపు పోట్లాడుకున్నాం."

అతను చేతిలోని ఫోన్ని మెల్లగా జేబులోకి తోసేశాడు.

"ఖాళీగా ఉంటే నేనే చెయ్యి పట్టుకుని అవతలి సందులో దింపొస్తున్నాను. లేకపోతే దారి చెబుతున్నాను. అందరూ వినరుగా. ఇదంతా మోసమని తిట్టుకుని ఇంటికి పోయినవాళ్లే ఎక్కువ. ఆ ప్రకటన చేసినవాడు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ షాపుకి వెళ్లి ఉంటే ఈ గోలంతా ఉండేదా చెప్పండి."

"ఉండేది కాదండీ" అన్నాడు రీచ్ సారు. తనే ఆ మనిషినని చెప్పే ధైర్యం లేకపోయింది. పళ్లాసుపత్రిలో పళ్లు రాలగొట్టించుకోవడం మరీ చవకబారుగా ఉంటుందనిపించింది.

"మీరెలాగూ అక్కడికేగా, ఆవిణ్ణి కూడా తీసుకెళ్లండి" అన్నాడు డాక్టరు.

ఇద్దరు చూపులేనివాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని సందు మారారు. ఎవరు ఎవర్ని నడిపించారో చెప్పడం కష్టం. పెద్దావిడ రిటైరైన హెడ్మిస్ట్రెస్. దారంతా మాట్లాడుతూనే ఉంది. "ప్రకటన మాత్రం ముచ్చటగా ఉంది నాయనా. ఆ అమ్మాయి తమ్ముడు చేశాడట, మొన్న బజార్లో కనపడి చెప్పింది. పెద్ద ఉద్యోగమట. మా తమ్ముడు, మా తమ్ముడు అని ఎంత గొప్పగా చెబుతుందో. పాపం తీరికలేని మనిషట, షాపు చూడ్డానికి కూడా రాలేకపోయాడట." అతనికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అన్ని నంబర్లకీ తను వెళ్లాడు గానీ, అక్క గుమ్మం ఎలా ఉంటుందో మాత్రం తనకి తెలీదు.

అక్క షాపుకీ నీలం తలుపే ఉంది. పక్కనే తాళంచెవులు చేసేవాడు సుత్తితో టకటకలాడిస్తున్నాడు. ఆ రోజు ఫోన్లో అక్క చెప్పబోయింది ఇతని గురించేనేమో. లోపల చిన్న గది, ఒక బల్ల, దీపం కింద వంగి అద్దం అరగదీస్తున్న అక్క. హెడ్మిస్ట్రెస్‌ని కూర్చోబెట్టాడు. అక్క తలెత్తకుండానే, నేర్పిన పాఠం అప్పజెప్పింది.

"కూర్చోండి. మీకెలా తెలిసిందండీ మా షాపు?"

"పళ్ల డాక్టర్ గారు పంపించారు" అన్నాడు అతను.

అక్క చేతిలో పని ఆగిపోయింది. తలెత్తి తమ్ముణ్ణి చూసింది, వాడి చేతిలో ఊడిన కాడని చూసింది. అతను జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు, తనని ఎక్కడా వెనకేసుకురాలేదు. హెడ్మిస్ట్రెస్ ఒకటే నవ్వు. అక్క నవ్వలేదు.

"ఆ రికార్డింగ్ చివర ఒకటడిగాను. అదైనా విన్నావా?"

"విన్నానక్కా. కత్తిరించేశాను."

అక్క కళ్లజోడు లాక్కుని, మర బిగించి, చిన్నప్పట్లాగే ముఖానికి పెట్టి చెవుల వెనక నొక్కింది. అంతకంటే రెండు చెంపదెబ్బలు కొట్టినా బాగుండుననుకున్నాడు. కళ్లు నీళ్లతో నిండాయి, కొత్తగా బిగించిన అద్దాల్లోంచి మళ్లీ అంతా మసకే.

ఆ సాయంత్రం షాపు గుమ్మంలో నిలబడి మ్యాపులో గుర్తు సరిచేశాడు. ప్రకటన మళ్లీ పెట్టాడు. ఈసారి అక్క పంపిన రికార్డింగు మొదటినించి చివరిదాకా, ఒక్క ముక్క కూడా కత్తిరించకుండా పెట్టాడు. తను తరగతుల్లో చెప్పే సూత్రాల్లో సగం దాంతో కొట్టుకుపోయాయి.

సోమవారం సెలవు పెట్టి పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా ఎవరూ రాలేదు. అక్క ఫోన్ చేతిలోకి తీసుకుంది, మాల్‌వాళ్లకి చెయ్యడానికే. అప్పుడు గుమ్మంలో ఒక ముసలాయన కనిపించాడు. రిటైరైన బస్సు డ్రైవరు. పళ్లాసుపత్రి కుర్చీలో పడుకుని డాక్టరుతో పోట్లాడి, తిట్టుకుంటూ ఇంటికెళ్లిపోయిన పెద్దమనిషి ఆయనే.

"రండి. మీకెలా తెలిసిందండీ మా షాపు?" అంది అక్క, అలవాటు కొద్దీ.

"అదేంటమ్మా, నువ్వేగా అడిగావు, నువ్వెప్పుడొస్తావు రా అని. ఇంకెప్పుడూ ఈ ఛాయలకి రాకూడదనుకున్నాను. కానీ నన్ను రా అని పిలిచేవాళ్లు పోయి చాన్నాళ్లయింది. రాకుండా ఉండలేకపోయాను."

ఆయన వెనకాల ఇంకో ఇద్దరు మెట్లెక్కుతున్నారు. అక్క తమ్ముడి వైపు చూసింది. అతను అద్దాలు తీసి, తుడవాల్సినంతకంటే ఎక్కువసేపు తుడిచాడు. అక్క మాల్‌వాళ్లకి ఫోన్ చేసి, పనికి రావడం లేదని చెప్పి పెట్టేసింది.

"ఇంత మంచి ప్రకటన ఎవరు చేశారని ఎవరైనా అడిగితే ఏం చెప్పమంటావు రా?"

"పళ్ల డాక్టర్ గారని చెప్పక్కా" అన్నాడు రీచ్ సారు, వచ్చినవాళ్లకి కుర్చీలు జరుపుతూ.