ఇంక్యుబేటర్‌లో బంతిపువ్వు

మనోజ్‌కుమార్ చేసిన పొర కరగదు. కరగడానికే అది పుట్టింది. దూదిలో, గడ్డిలో ఉండే సెల్యులోజ్‌ని పల్చటి పొరగా తీసి, దాని మీద చర్మకణాలు పెంచి, కాలిన గాయానికి అతికించాలి. కొత్త చర్మం అల్లుకుంటున్నకొద్దీ పొర దానంతటదే కరిగిపోవాలి. చిక్కల్లా ఏమిటంటే, సెల్యులోజ్‌ని అరిగించుకునే శక్తి మనిషి ఒంటికి లేదు. చెదపురుగుకి ఉంది. ఆ లెక్కన చెదపురుగు తనకంటే పెద్ద శాస్త్రవేత్త అని మనోజ్ ఎప్పుడో ఒప్పేసుకున్నాడు. పొరకి రకరకాల మందులు పట్టిస్తూ కూర్చున్నాడు. ఈలోగా అతని జుట్టు రాలింది, కుదిరిన సంబంధం చెదిరింది, బండి సైలెన్సర్ తుప్పు పట్టి ఊడింది. పొర మాత్రం చెక్కుచెదరలేదు.

సాయంత్రం భిలాయి వైశాలి నగర్‌లోని ఇంటికి చేరగానే తండ్రి గురునాథరావు రోజూ ఒకటే అడిగేవాడు.

"కరిగిందేటి?"

"లేదు నాన్నా."

గురునాథరావు స్టీల్ ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. డ్యూటీలో ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. కాలినప్పటి నొప్పి ఒక నొప్పే కాదనీ, అసలు నొప్పి కట్టు మార్చినప్పుడనీ అంటాడు. గుడ్డకి అంటుకుని కొత్త చర్మం కూడా ఊడొచ్చేదట. అప్పటినుంచి మే నెల ఎండలో కూడా ఆయనది ఫుల్ హ్యాండ్స్ చొక్కాయే. మనోజ్ ఈ పనిలోకి దిగింది అందుకే. ఎవరైనా అడిగితే మాత్రం "స్కోప్ బావుంది" అంటాడు.

ప్రాజెక్టు సమీక్ష దగ్గరపడింది. పొర కరుగుతోందని రుజువు చూపకపోతే మూసేస్తామని ల్యాబు పెద్దలు చెప్పేశారు. సరిగ్గా అప్పుడే విశ్వకర్మ పూజ వచ్చింది. భిలాయిలో ఆ రోజు బొట్టు పెట్టించుకోని యంత్రం ఉండదు. క్రేన్ నుంచి కుట్టుమిషను దాకా అన్నింటికీ పసుపు, కుంకుమ, బంతిపూలు.

మనోజ్ దేవుణ్ణి నమ్మడు. ఆ సంగతి క్యాంటీన్‌లో చాలాసార్లు ప్రకటించాడు కూడా. అంతటివాడు ఆ ఉదయం ల్యాబులో ఎవరూ లేకుండా చూసి, కణాలు పెంచే ఇంక్యుబేటర్‌కి బొట్టు పెట్టాడు. పెట్టినవాడు ఊరుకోవచ్చుగా? కష్టమంతా లోపల ఉంటే బయట పూజ చేసి ఏం లాభం అనుకుని, తలుపు తీసి, పొర ఉన్న పళ్లెం పక్కన ఒక బంతిపువ్వు పెట్టాడు. పెట్టేముందు చేతులకి గ్లోవ్స్ వేసుకున్నాడు. శుభ్రత విషయంలో అతను రాజీపడడు.

ఆ మధ్యాహ్నమే వారం రోజుల శిక్షణకని రాయ్‌పూర్ పంపారు. బస్సు కుమ్హారి దాటేసరికి పువ్వు సంగతి మర్చిపోయాడు.

తిరిగొచ్చి తలుపు తీస్తే పళ్లెం నిండా ఆకుపచ్చటి బూజు. కణాలన్నీ చచ్చిపోయాయి. పొర కోసం వెతికాడు. పొర లేదు. ఎన్ని మందులకీ లొంగనిది పూర్తిగా కరిగిపోయింది. బూజుకి సెల్యులోజ్ అంటే పప్పన్నం. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు, ఇక్కడ పువ్వు పెట్టింది కూడా కోతే.

అప్పుడు అతనికి ఒక పాడుబుద్ధి పుట్టింది. బూజు కనబడకుండా పళ్లెంలో ఓ మూల ఫోటో తీశాడు. కింద 'పొర కరిగినది' అని రాస్తే అక్షరాలా నిజమే. ప్రాజెక్టు బతుకుతుంది. ఆ ముక్క ముందు ఇంట్లో అని చూద్దామనుకున్నాడు.

"కరిగిందేటి?"

"కరిగింది నాన్నా."

గురునాథరావు టీ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత ఎడమచేతి గుండీ విప్పి, చొక్కాని మోచేతి దాకా మడిచాడు. ముడతలు పడ్డ ఆ చేతిని మనోజ్ చూసి ఎన్నేళ్లయిందో.

"ఐతే ఇంకెవుడికీ కట్టు పీకక్కర్నేదన్నమాట," అన్నాడు చెయ్యి నిమురుకుంటూ. "నర్సమ్మ రోజూ అనీదిరా, 'బస్ భయ్యా, ఇదే ఆఖరు' అని. రోజూ నమ్మీసీవోణ్ణి. మర్నాడు మళ్లీ పీకీది. ఆ నొప్పి కన్నా ఈ నమ్మడమే ఎక్కువ నొప్పెట్టిందిరా."

మనోజ్‌కి తల తీసేసినట్టయింది.

"బూజు తినేసింది నాన్నా. కణాలు కూడా పోయాయి. పువ్వు పెట్టింది నేనే. ఇంక్యుబేటర్ లోపల."

"లోపలెట్టినావా?"

"ఆఁ."

"ఓరి నీ! నా సర్వీసంతా కోక్ ఓవెన్‌కి పూజ సేసినాను. ఒక్కనాడైనా లోపల పువ్వెట్టినానేట్రా?"

గురునాథరావు కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. అందులో ఏది నవ్వో ఏది ఏడుపో కొడుక్కి తెలియలేదు. చొక్కా మళ్లీ కిందికి దించేస్తాడేమోనని భయపడుతూ అతనూ నవ్వాడు.

ల్యాబులోనే జరిగిన సమీక్షలో మనోజ్ ఉన్నదున్నట్టు చెప్పాడు. కారణమేమిటంటే బంతిపువ్వు అన్నాడు. అతనికి పాఠాలు చెప్పిన రజనీకుమారి మేడమ్ మెల్లిగా లేచి, మూలనున్న మైక్రోస్కోపు మీది బొట్టుని చీరకొంగుతో తుడిచేసింది. దాంతో పెద్దలు నవ్వు ఆపుకోలేకపోయారు. వచ్చే విశ్వకర్మ పూజ దాకా గడువిచ్చారు. పూజ రోజున ఇంక్యుబేటర్‌కి తాళం వెయ్యాలని షరతు పెట్టారు.

ఆ సాయంత్రం గురునాథరావు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"కరిగిందేటి?"

"లేదు నాన్నా."

"సర్లే, రేపు సూద్దాం," అని గేటు తీశాడు. వీధిలో అందరూ చూస్తున్నా, చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచే ఉంది.