ముల్లంగి తొట్టిలోకి బంతి

వరద వచ్చి ఏటి ఒడ్డున ఉన్న మా బేస్‌బాల్ మైదానాన్ని ఊడ్చుకుపోయిన ఏడాది అది. మా మనవరాలు మినోరి పెరట్లోనే బంతులు విసిరేది. ఆదివారం పక్క ఊరి జట్టులోని ఇవాకిని అవుట్ చేయకపోతే ఆమెను పిచ్చర్‌ స్థానం నుంచి, అంటే బంతి విసిరే పని నుంచి, తీసేస్తానన్నాడు కోచ్. ఇవాకి ఎంత వేగమైన బంతినైనా బాదేస్తాడు. మెలితిప్పి విసరడం చిన్నపిల్లల ఆటలో నిషేధం.

"అయితే నెమ్మదిగా వెయ్యి. చెయ్యి మాత్రం జోరుగానే ఊపు," అన్నాను.

గురి కోసం మా ఆవిడ షిగే ముల్లంగి ఊరబెట్టే తొట్టిని వాల్చి పెట్టాను.

"బాగుందయ్యా! ఈ ఏడు ముల్లంగి నువ్వే ఊరబెట్టు," అంది షిగే.

"పిల్ల గెలిస్తే పెడతాలే."

"మాట తప్పకూడదు తాతా!" అంది మినోరి.

ఆదివారం పక్క ఊరి మైదానంలో ఇవాకి రెండు బంతులు కొట్టలేకపోయాడు. మూడోదీ తప్పితే అవుట్. మినోరి చెయ్యి విసురుగా ఊపింది, బంతి మాత్రం తీరిగ్గా బయల్దేరింది. అది చేరకముందే ఇవాకి బ్యాటు ఊపి, గిర్రున తిరిగి కూలబడ్డాడు.

బ్యాటర్‌కు బంతి తగిలితే పిచ్చర్ టోపీ తీసి, వంగి క్షమాపణ చెప్పడం మా అలవాటు. దెబ్బ తగిలినవాడు బంతి కొట్టకుండానే మొదటి బేస్‌కు వెళ్లిపోవచ్చు. వాడు పడ్డాడన్న కంగారులో మినోరి టోపీ తీసి వంగింది. అది చూసి ఇవాకి తనకు దెబ్బ తగిలిందనుకున్నాడు. మోచెయ్యి రుద్దుకుంటూ మొదటి బేస్ వైపు కుంటసాగాడు.

"ఎక్కడికిరా? అవుటయ్యావు!" అని అరిచాడు అంపైర్.

"మరి ఆ పిల్ల టోపీ తీసిందిగా సార్!"

కోచ్ నవ్వాపుకోలేక, పిచ్చర్ స్థానం మినోరిదేనన్నాడు.

మర్నాడు పొద్దున్నే తొట్టి కడిగి, ముల్లంగి ఊరబెట్టే తవుడులో ఉప్పు వేయడం మొదలుపెట్టాను.

"నెమ్మదిగా వెయ్యవయ్యా," అంది షిగే.