ఇరవై రెండు రవికలు

“మెడ కాడికి కోసెయ్,” అన్నాడు రాజశేఖర్, ఉగ్గానిలో బజ్జీ నంజుకుంటూ. ఇంకో బజ్జీ వెయ్యమన్నంత మామూలుగా అన్నాడు.

కోయమన్నది భార్య ఫొటోలను. లీలావతి తాను కుట్టిన రవికలను తానే తొడుక్కుని, మిద్దె మీద పొద్దుటెండలో నిలబడి తీయించుకున్న ఇరవై రెండు ఫొటోలు. ఇంటర్నెట్‌లో తెరవబోతున్న అంగడికి అవే సరుకు.

“గుడ్డలమ్ముకుంటాం గానీ మొగాలు అమ్ముకుంటామా?” అంది లోపలి నుంచి అత్త కృష్ణమ్మ.

అంత తప్పయితే ఇంకెవరినైనా పిలిచి తొడిగించవచ్చు కదా అని అడిగింది లీలావతి. దుడ్లు దండగన్నాడు. అంటే భుజాలు కావాలి, వీపు కావాలి, కుట్టే చేతులు కావాలి. వాటన్నిటికీ పైన ఉన్నదొక్కటే ఇంటికి పరువు తక్కువ. ఆ మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూర్చుని, ఇరవై రెండు సార్లు తన తలను తానే కోసుకుంది.

ఆళ్లగడ్డలో రాజశేఖర్‌ది చీరల అంగడి. దాని వెనక గదిలో ఎనిమిదేళ్లుగా ఆమె కుట్టుమిషను. “ఇంట్లో ఊరికే కూచోలేక ఏందో కుట్టుకుంటాది” అని చెప్తాడు వచ్చినవాళ్లకు. ఊళ్లో ఆడవాళ్లు టైలరు ముందు నిలబడి కొలతలివ్వరు. సరిగ్గా పట్టే పాత రవిక ఒకదాన్ని కొంగులో చుట్టుకొని వెనక వాకిట్లోంచి తెచ్చిస్తారు. అదే ఆది. తమ ఒంటి కొలత అంగుళాల్లో ఎంతో వాళ్లలో ఒక్కరికీ తెలియదు. లీలావతికి తెలుసు. మూడు వందల మంది ఆది రవికలను నేల మీద పరిచి, కొలిచి రాసుకుంది.

డిగ్రీలో నేర్చుకున్న కంప్యూటర్ మొద్దుబారిపోలేదని ఆమెకు తెలిసింది కిందటేడు, 2007లో. వారానికి రెండు రోజులు వంట ముగించి, బస్సెక్కి నంద్యాల పోయి, లూదియా నడిపే నెట్ సెంటర్లో కూర్చుని అంగడిని ఒక్కో పేజీగా కట్టుకుంది. లూదియా ఫ్యాను కింది కుర్చీని ఆమెకే అట్టిపెట్టేది. వచ్చీ రాగానే “తిన్నావా అక్కా?” అనేది. పొద్దున లేచి ఆరుగురికి వండిన మనిషిని ఆ మాట ఇంట్లో ఎవరూ అడిగింది లేదు.

చిన్నది, పెద్దది అని సైజులు పెట్టమన్నాడు రాజశేఖర్. ఆమె పెట్టలేదు. కొనేవాళ్లు తమ ఆదిని నేల మీద పరిచి, నాలుగు చోట్ల కొలిచి, నాలుగు గళ్లలో నింపితే చాలు.

ప్రారంభం రోజున అంగట్లో కుర్చీలు వేశారు. వస్త్ర వ్యాపారుల సంఘం పెద్ద ఆదినారాయణ మౌస్ నొక్కాడు. తెర మీద తలల్లేని రవికలు వరసగా తెరుచుకున్నాయి. వాటి పైన పెద్దగా నవ్వుతున్న రాజశేఖర్ మొగం. కింద ‘వ్యవస్థాపకుడు’ అని.

“శానా బాగుండాదప్పా. ఎవురు చేసినారు?”

“హైదరాబాదు కంపెనీతో చేపిచ్చినా అన్నా. ఆరు నెల్లు తిప్పుకున్న్యారు.”

కాఫీ పళ్లెం పట్టుకుని గడపలో నిలబడ్డ లీలావతి విన్నది. అందులో ఆరు నెలలన్నదొక్కటే నిజం.

“అంతా సరే నాయనా,” అంది ఆదినారాయణ భార్య సరోజమ్మ, “దీనికి నా ఆది రైక యాడ ఇయ్యాల?”

అందరూ నవ్వారు. రాజశేఖరూ నవ్వి ఏదో నొక్కాడు. నాలుగు గళ్లు వచ్చాయి. ఏ గడిలో ఏది నింపాలో అతనికి తెలియదు. గడప వైపు చూశాడు.

“ఏందీ, ఆన్నే నిలబడినావ్? అక్కకు చెప్పు.”

“హైదరాబాదోళ్లు నీకు చెప్పలేదా?” అంది లీలావతి.

ఆమె పళ్లేన్ని అతని చేతుల్లో పెట్టి, కంప్యూటర్ ముందున్న కుర్చీలో కూర్చుంది. కోయని ఫొటోలను ఆమె చెరిపేయలేదు. తెర మీది మొదటిదాని చోట కోయనిదాన్ని పెట్టింది. మెడ మీదికి గడ్డం, ముక్కు, ఎండకు చికిలించిన కళ్లు వచ్చాయి.

“ఓయమ్మ, నువ్వా!” అంది సరోజమ్మ.

“నేనే అక్కా. ఈ రైకలు కుట్టిందీ నేనే, ఈ అంగడి చేసిందీ నేనే. ఇంగా ఇరవై ఒకటుండాయ్, మార్చినంక కొలత సూపిస్తా. ఇట్ల కుచ్చో.”

రాజశేఖర్ పళ్లెంతోనే ఆమె చెవి దగ్గరికి వంగాడు. “ఇంట్లో మాట్లాడుకుందాం, లెయ్. కాఫీలు సల్లారిపోతాండాయ్.”

తెర మీద నుంచి చూపు తిప్పకుండానే చెప్పిందామె.

“అయితే నువ్వు పంచు.”