వీధికి వినపడిన దగ్గు

"స్లైడులో ఏమీ లేదన్నారుగా, అమ్మనింకా ఎందుకు తిప్పుతావు?" అన్నాడు భర్త, చొక్కా కోసం చెయ్యి చాపుతూ. ఆమె ఇస్త్రీ చేస్తూనే విన్నది. క్షయ పరీక్షల ల్యాబులో ఆమె టెక్నీషియను. ఇంట్లో దాని పేరు ఉమ్ముల ఉద్యోగం. అత్తకేమో నెలగా దగ్గు, పొద్దు గూకితే జ్వరం, జాకెట్లన్నీ వదులైపోయాయి.

ల్యాబులో అప్పుడు మూడు పద్ధతుల్ని పోల్చి చూస్తున్నారు. ఒక్కొక్కరి కఫాన్ని మూడు పాళ్లు చేస్తారు. ఒకటి రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడతారు. క్రిములు దండిగా ఉంటేనే కంటబడతాయి. ఒకటి యంత్రానికిస్తారు, కొద్దిగా ఉన్నా రెండు గంటల్లో పట్టేస్తుంది. మూడోది సీసాలో పెంచుతారు. ఏ నాలుగు క్రిములున్నా మొలుస్తాయి గానీ వారాలు ఆగాలి. అత్తది స్లైడులో లేదు, యంత్రంలోనూ లేదు. సీసాలో ఇంకా ఏమీ మొలవలేదు.

"మూడూ అబద్ధమాడతాయా?" అన్నాడు భర్త.

ఆడవు. కానీ అత్త ఇచ్చిన డబ్బాలో ఉన్నది కఫం కాదు, నురగ తేలిన ఉమ్మి. ఆడవాళ్ల డబ్బాలు చాలావరకు అంతే. "ఏంటా దగ్గు, వీధంతా వినాలా?" అనేవాడు మామగారు, బతికున్నన్నాళ్లూ. అత్త కాపురమంతా కొంగులోనే దగ్గింది. ఇక ఏ పద్ధతి గొప్పదైతే ఏం లాభం?

మర్నాడు అత్తను ల్యాబు వెనక ఆరుబయట నిలబెట్టింది. "గుండెల నిండా గాలి పీల్చి గట్టిగా దగ్గండి అత్తయ్యా."

"నలుగురూ చూస్తున్నారే, సిగ్గు లేకపోతే సరి!"

డబ్బాలు పట్టుకుని దూరదూరంగా నిలబడ్డ ఆడవాళ్లలో ఒకావిడ కేకేసింది: "కానీ పెద్దమ్మా, నీ తర్వాత నేనేగా!"

మూడో దగ్గుకు గోడమీది పిల్లి దూకి పారిపోయింది. వరుసంతా నవ్వింది, నవ్వితే అందరికీ దగ్గొచ్చింది. "ఇది నా గొంతేనటే!" అని అత్త తనే విస్తుపోయింది. డబ్బాలో చిక్కటి కఫం.

స్లైడు మళ్లీ లేదంది. యంత్రం పట్టేసింది.

"దొరికింది అత్తయ్యా!"

"జబ్బుందని చెప్పడానికి అంత సంబరమేంటే?"

"దొరికితే మందుంది. ఆర్నెల్లు మింగితే పోతుంది."

సాయంత్రం అత్త మాస్కు వేసుకుని, కిటికీ పక్కన కూర్చుని మనసారా దగ్గింది.

"మెల్లగా దగ్గమ్మా, టీవీలో వార్తలు వినపడటం లేదు," అన్నాడు కొడుకు.

కోడలు నోరు తెరిచేలోపు అత్తే అందుకుంది.

"అది కట్టేసి ఇటు రారా. అసలు వార్త నీ పెళ్లాం తెచ్చింది."