కుచ్చిళ్ళ చాటు నడక

"ఇంట్లో పనెవులు సేస్తారని అడుగుతారు రేపు. మా అత్తే సేస్తాదని సెప్పు," అన్నాడు మా ఆయన ఉమాశంకర్. నేనప్పుడు గంజి వారుస్తున్నాను. మా అత్త బుల్లమ్మ మంచమ్మీద కూర్చుని, పొద్దున్నుంచీ చేసి చేసి అలిసిపోయినదానిలా తలూపింది. ఆవిడ గిన్నె తోమి పదేళ్ళయింది. నాకు నవ్వొచ్చింది గానీ చేతిలో వేడి గంజి ఉంది.

రేపు విజయనగరం పెద్దాసుపత్రిలో నా అప్పీలు. చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమకాలు సన్నబడిపోయింది. పన్నెండేళ్ళుగా వస్తున్న వికలాంగుల పింఛను మొన్నటి తనిఖీ తర్వాత ఆగిపోయింది. వైకల్యం నలభై శాతం ఉండాలట, నాకు ముప్ఫయ్యారే అని రాశారు. ఈ ఇంట్లో నా పేరుమీద వచ్చేది అదొక్కటే. నొప్పుల మాత్రలకైనా, మా రేఖ నోటుపుస్తకాలకైనా ఎవరి మొహమూ చూడకుండా బతికాను దానివల్ల. రేపు కూడా కాదంటే ఇక అంతే.

తప్పు డాక్టరుది అనను. ఆయన నడవమన్నాడు, నేను నడిచాను. పెళ్ళిచూపులకి ముందు మా అమ్మ నేర్పిన నడక అది. "కుచ్చిళ్ళట్టుకుని నడువే, సీర సర్దుకుంతున్నాదనుకుంతారు," అని వారం రోజులు గదిలో అటూ ఇటూ తిప్పింది. పైకి కుచ్చిళ్ళు పట్టుకున్నట్టే ఉంటుంది, వాటి చాటున చెయ్యి తొడని గట్టిగా నొక్కుతుంది. వంగకూడదు, ఊగకూడదు. పెళ్ళయ్యాక మా అత్త, "పదిమందిలో కుంటకే, మా వోడి పరువు పోతాది," అంది. దాంతో పేరంటానికైనా రేషనుకైనా అదే నడక. ఇంటికొచ్చాక రెండు రోజులు నడుం లేచేది కాదు. కొత్త మొహం కనబడితే చాలు, చెయ్యి దానంతటదే కుచ్చిళ్ళమీదకి పోతుంది. తనిఖీలోనూ పోయింది. "బాగానే నడుస్తున్నావమ్మా," అన్నాడు డాక్టరు. సిగ్గుచేటు, నేను పొంగిపోయాను కూడా. నెల తిరిగి నోటీసు చేతికొచ్చాక గానీ ఏం చేసుకున్నానో తెలియలేదు.

సాయంత్రం ఉమాశంకర్ వసారాలో కుర్చీ వేసుకుని తనే డాక్టరయ్యాడు.

"కుచ్చిళ్ళు ఒగ్గీయ్. మోకాలిమీద సెయ్యెట్టి నడు, సూద్దాం."

అతని ముందు అలా ఎన్నడూ నడవలేదు. మొదటి అడుగుకి చెవులు వేడెక్కాయి. మోకాలిమీద చెయ్యి ఆనించి, వంగి, పక్కకి ఊగుతూ గుమ్మం నుంచి నీళ్ళగాబు దాకా వెళ్ళొచ్చాను. నడుంలో పోటు లేదు. అది అక్కడే గమనించాను.

"అబ్బ! నటన అదరగొట్టీసినావు! రేపూ ఇలాగే సెయ్యి," అన్నాడు ఉమాశంకర్.

మెట్టుమీద కూర్చుని లెక్కలు చేసుకుంటున్న రేఖ తలెత్తింది. "నటనేటి నాన్నా? వంటింట్లో అమ్మ రోజూ ఇలాగే కదా నడుస్తాది."

రేఖకి తొమ్మిదేళ్ళు. మంచినీళ్ళు కావాలన్నా కూర్చున్న చోటునుంచే కేకేసే మనిషికి వంటింట్లో నా నడక ఎలా తెలుస్తుంది? నాకు కోపం రావాలి. రాలేదు. ఇన్నేళ్ళూ ఎవరికోసం నడుం విరగ్గొట్టుకున్నానా అని మాత్రం అనిపించింది.

ముందుగా తేరుకున్నది మా అత్తే. "సరేగానీ, డాక్టరు సూసీసినాక ఆసుపత్రి గేటు దగ్గరే సీర సరిగ్గా అట్టుకో. బస్సులో అందరూ మనూరోల్లే ఉంతారు."

"అదీ నిజమే," అన్నాడు ఉమాశంకర్.

నేను మోకాలిమీంచి చెయ్యి తియ్యలేదు.

"పింఛనొచ్చినా రాకపోయినా, బస్సు దిగి ఊరందరి ముందూ ఇలాగే నడిసొస్తాను అత్తా."