సంకల్పం చెప్పని పుటలు

గురువారం పొద్దున ఎనిమిదింటికి ఫైవిష్ తోలు గ్రంథపు చుట్ట విప్పి యెషయా ప్రవక్త నలభయ్యో అధ్యాయం దగ్గరికి వచ్చాడు. ఎనిమిదిన్నరకు అతని వేలు ఒక వరుస మీద ఆగింది.

"జుండెల్, ఇలా రా."

జుండెల్ కిటికీ దగ్గర సీమకోడి ఈకను కలంగా చెక్కుతున్నాడు. చాకు పక్కన పెట్టి లేచాడు. ఇద్దరూ యెరూషలేములో ఒకే సందులో పుట్టి ఒకే బడిలో చదివారు. జుండెల్ తోలు మీద లేఖనాలు రాస్తాడు. ఫైవిష్ వాటిలో తప్పులు చూస్తాడు. నలభై ఏళ్ళుగా ఇదే పని.

"చదువు ఇక్కడ."

జుండెల్ చూశాడు. గడ్డి ఎండుతుంది, పువ్వు వాడుతుంది అన్న మాట ఆ చోట వరసగా రెండుసార్లు రావాలి. ఒకసారే ఉంది. అతని కన్ను మొదటి గడ్డి మీది నుంచి రెండో గడ్డి మీదికి దూకింది. దేవుని ఊపిరి దాని మీద వీచిందనీ, ఈ జనమే గడ్డి అనీ చెప్పే ముక్క మధ్యలో జారిపోయింది.

"పోయింది," అన్నాడు జుండెల్.

"గొడుగు పోయినట్టు చెబుతున్నావేంరా!" ఫైవిష్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కంగారు పడకు. నీకంటే ముందు ఇంకొకడు సరిగ్గా ఇక్కడే జారిపడ్డాడు. ఉప్పు సముద్రం పక్కన గుహలో దొరికిన చుట్ట ఉంది చూడు, మన మ్యూజియంలోది. రెండు వేల ఏళ్ళ కిందటిది. దాని ఫోటోలు చూశాను. వాడూ ఈ గడ్డి మీంచి ఆ గడ్డి మీదికే దూకాడు. తర్వాత ఇంకెవరో వచ్చి పైనా పక్కనా ఇరికించి రాశారు. వాడి ఊరూ పేరూ తెలిస్తే మీ మేనమామల వైపు వాడేమో కనుక్కుందును."

జుండెల్ నవ్వలేదు. నవ్వాల్సిన చోటని తెలిసింది. అంతే.

"నువ్వూ వరుస పైన సన్నగా రాసెయ్. శాస్త్రం ఒప్పుకుంటుంది. పది నిమిషాల పని. పదకొండింటికి ఓజెర్ వస్తాడు."

ఓజెర్ వాళ్ళ ప్రార్థనా మందిరానికి పెద్ద. పూర్వం యెరూషలేము దేవాలయం కూలిన దినపు ఉపవాసం మంగళవారం అయిపోయింది. దాని తర్వాత వచ్చే శనివారం, విశ్రాంతిదినాన, ఈ అధ్యాయం చదవాలి. ఓదార్చండి, నా ప్రజలను ఓదార్చండి అని మొదలవుతుంది. పాత చుట్టలో సిరా రాలిపోతే నిరుడు దాన్ని ఆచారం ప్రకారం భూమిలో పాతిపెట్టారు. కొత్తది జుండెల్‌కు అప్పగించారు. పదమూడు తోలు పుటలు. ఆరు పుటలు అయ్యాక అతని భార్య బ్రైనా చనిపోయింది. సంతాపపు ఏడు రోజులూ నేల మీద కూర్చుని, ఎనిమిదో రోజు లేచి, ఏడో పుట మొదలుపెట్టాడు. మిగతా ఏడు పుటలూ ఆ తర్వాత రాసినవే. ఫైవిష్ వాటిని ఒక్కొక్కటే చూసి ఇవ్వగా జుండెల్ పశువు నరంతో కుట్టాడు. ఈ ఒక్క పుట కుట్టాక చూడాల్సి వచ్చింది.

జుండెల్ కలం సిరాలో ముంచలేదు.

"ఏమైంది?"

"ఇది పైన రాస్తే సరిపోదు."

"ఎందుకు సరిపోదు? చోటుంది కదా."

"నేను నోటితో అనలేదు."

ఫైవిష్‌కు వెంటనే అర్థం కాలేదు. రాసేవాడు ప్రతి మాటనూ పైకి పలికి రాయాలి. దేవుని నామం వచ్చినప్పుడు ఆగి, ఈ నామాన్ని దాని పవిత్రత కోసం రాస్తున్నాను అని సంకల్పం చెప్పాలి. చెప్పకుండా రాసిన నామం వట్టి సిరా. కానీ పుట మీద చూస్తే చెప్పిందీ చెప్పనిదీ ఒకటిగానే ఉంటాయి. రాసినవాడికి తప్ప తెలియదు.

"ఈ వాక్యంలోనేనా అననిది?"

"ఏడో పుట నుంచి."

"ఒక్కసారి కూడా?"

"మొదటి రోజు అన్నాను. రెండో రోజు పెదాలు కదిపాను. మూడో రోజు అదీ లేదు. చెప్పడం లేదని తెలుస్తూనే ఉంది. చెయ్యి రాసుకుపోయింది."

ఫైవిష్ కుర్చీలో వెనక్కి వాలాడు. కింద సందులో ఎవరో చేపలవాడితో బేరమాడుతున్నారు. ఆ బేరం తెగేదాకా విన్నాడు.

"బుద్ధుందా నీకు?" అన్నాడు చివరికి. "ఈ మాట నాకు చెప్పడం దేనికి? ఇంకో రెండు గంటలు నోరు మూసుకుని ఉంటే చుట్ట ఓజెర్ చేతికి పోయేది. చెయ్యి దాటాక నువ్వు వీధిలో నిలబడి అరిచినా ఎవరూ నమ్మనక్కర్లేదు. శాస్త్రమే ఆ మాట అంది."

"అందుకే ఇప్పుడు చెప్పాను."

"రెండు నెలల పని రా. మళ్ళీ రాసే ఓపిక ఉందా?"

"తెలియదు."

"ఏడ్చినా బాగుండేది. వాతావరణం చెప్పినట్టు చెబుతున్నాడు." ఫైవిష్ గోడతో చెప్పుకున్నాడు.

ఓజెర్ పదకొండుకు పది నిమిషాల ముందే వచ్చాడు. మెట్లెక్కిన ఆయాసంతోనే గుమ్మంలోంచి, మర్యాదగా రెబ్ అని పిలుస్తూ, మాట్లాడటం మొదలుపెట్టాడు.

"రెబ్ జుండెల్, అయిపోయిందా? నలభై మందికి విందు చెప్పాను. హెర్రింగ్ చేపలు తెచ్చేశారు. మా ఆవిడ కూగెల్ వంటకం రెండు బానల్లో చేస్తోంది. చుట్టకు కొత్త తొడుగు కుట్టించాం. ఇటివ్వండి."

రెండు చేతులూ చాచాడు. జుండెల్ చుట్ట మీద అరచెయ్యి పెట్టాడు.

"దీంట్లో ఏడు పుటలు పనికిరావు. నామాలకు సంకల్పం చెప్పలేదు."

ఓజెర్ ఫైవిష్ వైపు చూశాడు. ఫైవిష్ నేల వైపు చూశాడు.

"రెబ్ జుండెల్," గొంతు తగ్గించాడు ఓజెర్, "మీ మనసు బాగాలేదు. అందరికీ తెలుసు. చెప్పే ఉంటారు, గుర్తులేదంతే. నలభై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? నాకేమీ వినపడలేదు. ఇటివ్వండి."

జుండెల్ ఆ మాట కాసేపు ఆలోచించాడు. చెప్పానేమో అనుకోవడానికి ప్రయత్నించాడు. ఎనిమిదో పుట, పన్నెండో పుట, ఆ పొద్దుటి వేళలు, బల్ల మీది ఎండ, అన్నీ గుర్తున్నాయి. వాటిలో తన గొంతు లేదు.

"చెప్పలేదు," అన్నాడు.

"చెప్పలేదట," అన్నాడు ఫైవిష్. "ఇంకా మన చేతిలోనే ఉంది ఓజెర్. ఇప్పుడు నమ్మి తీరాలి."

"అయితే శనివారం అచ్చు పుస్తకంలోంచి చదవమంటారా? ఆ కొత్త తొడుగు ఏం చేసుకోను, నెత్తికి తగిలించుకోనా?"

జుండెల్ అరచెయ్యి తియ్యలేదు. ఓజెర్ వెళ్ళిపోయాడు. మెట్ల మీద రెండుసార్లు ఆగాడు, మళ్ళీ పిలుస్తారేమోనని.

జుండెల్ చాకు తీసి ఆరో పుటకూ ఏడో పుటకూ మధ్య కుట్టు కోశాడు. ఏడు పుటలనూ ఒకటిగా చుట్టి, పూడ్చాల్సిన రాతల గోనెలో పెట్టాడు. ఫైవిష్ గోనె మూతి కట్టి భుజాన వేసుకున్నాడు. మెట్లు దిగాడు.

శనివారం అధ్యాయాన్ని అచ్చు పుస్తకంలోంచి చదివారు. జుండెల్ వెనక బెంచీలో కూర్చుని విన్నాడు. గడ్డి మాట రెండుసార్లూ వచ్చింది. ఓదార్పు మాట కూడా వచ్చింది. అతనికి ఏమీ అనిపించలేదు. తర్వాత విందులో కూగెల్ తిన్నాడు.

ఆదివారం మళ్ళీ ఏడో పుట కోసం కొత్త తోలు మీద గీతలు గీసి కూర్చున్నాడు. నోరు పెగల్లేదు. కలం కడిగి పెట్టేశాడు. సోమవారమూ అంతే. మంగళవారం కూర్చోనే లేదు.

బుధవారం మొదటి మాట పలికాడు. రాశాడు. రెండోది పలికి రాశాడు. మూడోది పలికి రాశాడు. నాలుగోది దేవుని నామం. కలం ఎత్తి పట్టుకుని, సిరా చుక్క బల్ల మీద పడేదాకా ఆగాడు. మళ్ళీ ముంచాడు. సంకల్పం చెప్పాడు. ఆ నామపు నాలుగు అక్షరాలూ రాసి, ఆరేదాకా కూర్చున్నాడు.

ఆ రోజు ఇక ముందుకు రాయలేదు.